పున్నమి ఘాట్ నుంచి మాలే దాకా: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సీప్లేన్ టూర్, నా అనుభవం

2025 ఫిబ్రవరి 22, శనివారం రాత్రి పన్నెండు దాటాక మా గుంపులో చివరి బీవర్ సీప్లేన్ మాల్దీవుల రాజధాని మాలేలో ఇంజన్ ఆపింది, కంప్యూటర్ తెరమీద. జనవరి 18న విజయవాడ పున్నమి ఘాట్‌లో మొదలైన టూర్ అది. నాగార్జునసాగర్, శ్రీశైలం, సోమశిల, చెన్నై పక్కన రెడ్‌హిల్స్, మెట్టూరు, కొచ్చి, లక్షద్వీప్‌లోని మినికాయ్, మాల్దీవుల్లోని హనిమాధూ మీదుగా మొత్తం దాదాపు 1,070 నాటికల్ మైళ్లు (కింద మైళ్లన్నీ ఇవే, ఒక్కోటి 1.85 కిలోమీటర్లు). విజయవాడ, గుంటూరుల్లో ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్, అంటే కంప్యూటర్లో విమానం నడిపే ప్రోగ్రాం) ఆడే వాళ్లం శనివారం రాత్రుళ్లు కలిసి ఎగిరిన టూర్. పోటీ కాదు, ఎవరు ముందు దిగారన్న లెక్క లేదు. భవానీపురం, పటమట వాళ్లున్నారు, బ్రాడీపేట, అరండల్‌పేట వాళ్లున్నారు. ఇలాంటిది పెట్టాలనుకునే వాళ్లకి, చేరాలనుకునే వాళ్లకి లోపల ఏం జరుగుతుందో తెలియాలని రాస్తున్నాను. గాల్లో నడపడం ఎవరైనా నెల రోజుల్లో నేర్చుకుంటారు. ఈ టూర్లో శ్రమంతా నీటిదే: ఏ నీళ్లలో దిగాలి, అవి సిమ్‌లో నిజంగా నీళ్లేనా, ఎంత ఎత్తులో ఉన్నాయి, దిగాక విమానం ఎటు కొట్టుకుపోతుంది.

ఆలోచన 2024 నవంబర్ 9న పుట్టింది. ఆ రోజు పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి డీహావిలాండ్ వాళ్ల సీప్లేన్ ప్రదర్శన ప్రయాణం జరిగింది, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అందులోనే వెళ్లారు. మనం ఈత కొట్టిన కృష్ణలోంచి విమానం లేచింది! ఆ రాత్రి వాయిస్ ఛానెల్‌లో ఇంకో మాట లేదు. రెండింజన్ల ట్విన్ ఆటర్ సీప్లేన్లు ప్రపంచంలో ఎక్కడికన్నా ఎక్కువగా తిరిగేది మాల్దీవుల్లో, అందుకే చివరి మజిలీ మాలే అనుకున్నాం. డిసెంబరంతా దారి గీయడానికే సరిపోయింది.

మొదట గీసిన దారిలో కొచ్చి నుంచి మాలేకి ఒకటే గీత, దాదాపు 380 మైళ్లు. బీవర్ కడుపు కింద మూడు ట్యాంకుల్లో కలిపి పట్టేది 95 అమెరికన్ గాలన్లు. గంటకి 23 గాలన్లు తాగుతూ 100 నాట్లతో (అంటే గంటకి 100 మైళ్లు) పోతే ఆ దూరానికి 87 గాలన్లు అయిపోతాయి. ఎదురుగాలి 10 నాట్లు వీచిందంటే సముద్రంలోనే. ట్విన్ ఆటర్ వాళ్లకి ఇబ్బంది లేదు, నిండా 2,500 పౌన్ల ఇంధనంతో గంటకి 600 ఖర్చయినా హాయిగా చేరతారు. కానీ టూర్ ఎప్పుడూ నెమ్మది విమానం లెక్కన గీయాలి. అందుకే కొచ్చి నుంచి మినికాయ్ 216, అక్కడి నుంచి మాల్దీవుల ఉత్తర కొసన హనిమాధూ 92, అక్కడి నుంచి మాలే 155 అని విడగొట్టాం.

తరవాతి పని నీటిని తనిఖీ చేయడం. దీనికి మేం రెండు వారాలు పెట్టుకున్నాం, అంతకన్నా తక్కువలో అవదు. ఉపగ్రహ చిత్రంలో నీలంగా కనిపించినంత మాత్రాన సిమ్‌కి అది నీరు కాదు. నీటికి విడిగా ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు లోపలే ఫ్లోట్లు, అంటే విమానం కింద చక్రాల బదులుండే పడవల్లాంటివి, తేలతాయి. మన జలాశయాల మట్టం ఏడాదిలో బాగా ఎక్కి దిగుతుంది కాబట్టి చిత్రం ఒక నెలది, హద్దు ఇంకో నెలది అవుతుంది. సోమశిలలో అంచుల వెంట నీళ్లలా కనిపించే చాలా మేర గట్టి నేల. అక్కడ దిగితే ఫ్లోట్లు నేలకి తగిలి విమానం బోర్లా పడుతుంది. గుర్తుపట్టే తీరు ఒకటుంది: 300 అడుగుల ఎత్తులో నెమ్మదిగా తిరుగుతూ చూడండి. అలలు కదిలేచోట, ఆకాశం నీడ పడేచోట మాత్రమే సిమ్ నీరు. చిత్రంలో అచ్చయిన అలలు కదలవు.

సోమశిల విషయంలో ఇంకో చిక్కు. ఆ పేరుతో రెండు చోట్లున్నాయి. మాకు కావలసింది నెల్లూరు జిల్లాలో పెన్నా మీది జలాశయం. పేరు కొట్టి వెతికితే కొల్లాపూర్ దగ్గర శ్రీశైలం వెనక నీళ్ల ఒడ్డున ఉన్న సోమశిల కూడా వస్తుంది. ఇద్దరు ముగ్గురి పటాల్లో అదే పడింది. అప్పటి నుంచి పేర్లు వదిలేసి అక్షాంశ రేఖాంశాలే పంచాం, అవీ దశాంశాల్లోనే. డిగ్రీలు, నిమిషాలు రాస్తే ఒక్కో ప్రోగ్రాం ఒక్కో రకంగా చదువుతుంది.

ఎత్తుల పట్టిక తప్పనిసరి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిండు మట్టం 57 అడుగులు, సాగర్‌ది 590, శ్రీశైలానిది 885, సోమశిలది 330, మెట్టూరుది 790, రెడ్‌హిల్స్‌ది 50. ఇవి ప్రాజెక్టుల అసలు లెక్కలు. సిమ్‌లో నీళ్లు వీటికి 20, 30 అడుగులు అటూ ఇటూ ఉంటాయి, ఎందుకంటే నేల ఎత్తులు కొలిచిన రోజున జలాశయం ఎంత నిండి ఉందో అదే అచ్చవుతుంది. నదుల్లో ఇంకో వింత, నీటి ఉపరితలం వాలుగా ఉంటుంది, ఒక్కోచోట మెట్టులా విరుగుతుంది. తనిఖీకి వెళ్లినవాళ్లు ప్రతి చోటా దిగి, ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లోని అంకె రాసి తెచ్చారు. మేం నమ్మింది ఆ అంకెనే. అది తెలియకుండా సాగర్లో 590 చూసుకుంటూ దిగితే నీళ్లు తగలవలసిన చోట తగలవు, లేదా ఊహించక ముందే తగులుతాయి.

విమానాల ఎంపిక ఎవరి ఇష్టం వాళ్లదే. మైక్రోసాఫ్ట్ సిమ్ 2020లో ఐకాన్ ఏ5 మొదటి నుంచీ ఉంది, 2022 నవంబర్‌లో 40 ఏళ్ల సందర్భంగా ఇచ్చిన ఉచిత అప్‌డేట్‌తో డీహెచ్‌సీ-2 బీవర్, గ్రమ్మన్ గూస్ వచ్చాయి. ఎక్స్-ప్లేన్ వాళ్లు ఫ్లోట్ల సెస్నా 172 తీశారు. ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితం, అందులో బీవర్, ట్విన్ ఆటర్ రెండూ దొరుకుతాయి. ఐకాన్ సంగతి మాత్రం ముందే చెప్పేయాలి: ట్యాంకు చిన్నది, సముద్రం మజిలీకి పనికిరాదు. దాన్ని నడిపిన ఇద్దరు కొచ్చిలో బీవర్‌కి మారారు.

మైక్రోసాఫ్ట్ సిమ్, ఎక్స్-ప్లేన్ వాళ్లు ఒకరికొకరు కనపడాలంటే మధ్యలో కలిపే ప్రోగ్రాం కావాలి, మేం జాయిన్‌ఎఫ్ఎస్ వాడాం. ఒకరి కంప్యూటర్ కేంద్రంగా ఉండాలి, ఆ ఇంటి నెట్‌కి బయటి నుంచి చేరగల సొంత ఐపీ చిరునామా ఉండాలి. మన దగ్గర చాలా ఇళ్ల కనెక్షన్లకి అది ఉండదు, ఒకే చిరునామా వెనక ఎంతోమందిని పెడతారు. రౌటర్లో పోర్టు తెరిచినా ఫలితం కనపడదు, కారణం అర్థంకాక రెండు రాత్రులు పోతాయి. నెలకి కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్న ఒక ఇల్లు చాలు, మిగతా అందరూ దానికి తగులుకుంటారు. కలిశాక ఇంకో ఆశ్చర్యం: ఒక సిమ్‌లో నీళ్లు 20 అడుగులు కిందుంటే, పక్కనున్నవాడి బీవర్ మీ తెరమీద గాల్లో వేలాడుతూనో, మునిగిపోయి తోక మాత్రం కనపడుతూనో ఉంటుంది. దానికి మందు లేదు. నీళ్లమీద తెర చూసి దూరం అంచనా కట్టకుండా, ఒక్కొక్కరికి ఒక్కో చోటు ముందే కేటాయించడమే దారి.

ఖర్చు విషయం. టూర్‌కి రుసుము లేదు. సాధారణ జాయ్‌స్టిక్ చాలు, కానీ చేతిలో మెలితిరిగే పిడి ఉన్నది కొనాలి. ఆ పిడితో తిరిగేది రడ్డర్, ముక్కుని పక్కకి తిప్పే చుక్కాని. నీళ్లమీద అది లేకుండా ఏదీ జరగదు. విడి పెడళ్లు ఉంటే మంచిదే, లేకున్నా మాలే చేరొచ్చు. కరెంటు పోతే కంప్యూటర్ని, రౌటర్ని పది నిమిషాలు నిలిపే యూపీఎస్ మాత్రం పెట్టుబడి పెట్టదగ్గదే. విమానం నీళ్లమీద ఉండగా సిమ్ మూసుకుపోతే మళ్లీ అక్కడే మొదలుపెట్టడం కుదరదు, ఆ సంగతి కింద చెబుతాను. నేలచిత్రాలు నెట్ నుంచి లాగే సిమ్‌లకి మొబైల్ హాట్‌స్పాట్ పనికిరాదు, రోజువారీ 2 జీబీ కోటా సాగర్ చేరకముందే అయిపోతుంది.

తొమ్మిదింటికి సమావేశం, తొమ్మిదిన్నరకి లేవడం అని పెట్టుకున్నాం. మొదటి శనివారం లేచేసరికి పదింబావు. ఎవరో ఒకరికి అప్పుడే పెద్ద అప్‌డేట్ దిగుతూ ఉంటుంది. తరవాతి వారం నుంచి శుక్రవారం రాత్రే సిమ్ ఒకసారి తెరిచి, అప్‌డేట్లు దించుకుని, రాగలనో లేదో చెప్పాలని నియమం పెట్టాం. ఆలస్యం పావుగంటకి దిగింది. వాతావరణం ఆ క్షణంలోని అసలుది, గడియారం మాత్రం ఉదయం ఏడున్నరకి తిప్పుకున్నాం. చీకట్లో నీళ్లమీద దిగడం ఈ టూర్ ఉద్దేశం కాదు, మాల్దీవుల సీప్లేన్లు కూడా పగలే తిరుగుతాయి.

నీళ్లమీద మొదలుపెట్టడమే మొదటి అడ్డంకి. సిమ్‌ల జాబితాలో పున్నమి ఘాట్ నీటి రన్‌వేగా లేదు. చక్రాలు కూడా ఉన్న యాంఫిబియన్ల వాళ్లు గన్నవరం రన్‌వే నుంచి లేచి వచ్చారు. ఉత్త ఫ్లోట్ల వాళ్లు పటంలో భవానీ ద్వీపం మీద గుర్తు పెట్టి, 1,500 అడుగుల ఎత్తులో గాల్లో మొదలై, నదిలో దిగి, ఘాట్ వైపు నడిపించుకొచ్చారు. దానికి అరగంట పట్టింది, కానీ అందరూ ఒకచోట చేరాక లేవడంలో ఉన్న ఆనందం వేరు. దుర్గమ్మ కొండ ఎదురుగా, పక్కన బ్యారేజీ గేట్లు, నదిలో వరసగా ఫ్లోట్ విమానాలు. వాయిస్‌లో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు, ఆపడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఆ రాత్రి గాలి తూర్పు నుంచి 4 నాట్లు. గాలికి ఎదురు లేవాలంటే ముక్కు బ్యారేజీ వైపు పెట్టాలి. ఘాట్ నుంచే పరుగు మొదలుపెడితే బ్యారేజీ, దాని వెనక ఊరు మీదికొచ్చేస్తాయి. కాబట్టి భవానీ ద్వీపం దాటి పడమటికి పోయి వెనక్కి తిరగాలి, లేదా అంత తక్కువ గాలిలో గాలి వీపున పెట్టుకునే పడమటికి లేవాలి. బీవర్లు మొదటిది చేశాయి, బరువు తక్కువున్న సెస్నాలు రెండోది. పడమటికి లేచేవాళ్లు బైపాస్ కొత్త వంతెన గుర్తుంచుకోవాలి. పాత చిత్రాల్లో అది ఉండదు, తెరమీద లేకపోయినా ఉన్నట్టే అనుకుని ఎత్తు పెంచుకోవడం మంచి అలవాటు.

లేచే పద్ధతి కొత్తవాళ్లకి రెండు సార్లు చెప్పాల్సి వచ్చింది. నీళ్లలో నడిచేటప్పుడు వాటర్ రడ్డర్లు (ఫ్లోట్ల వెనకుండే చిన్న చుక్కానులు) కిందికి, పరుగుకి ముందు పైకి. స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి పూర్తి పవర్ ఇస్తే ముక్కు ఆకాశంలోకి లేస్తుంది. ఆ తరవాత అది రెండోసారి కొంచెం లేచి ఆగినట్టవుతుంది, అప్పుడు స్టిక్ వదులు చేస్తే విమానం ఫ్లోట్ల అడుగునుండే మెట్టు మీదికి ఎక్కి పరుగందుకుంటుంది. ఆ ఘడియలో వదులు చేయకపోతే నది పొడవునా దున్నుతూనే పోతుంది, ఎక్కువ నెడితే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. వేగం వచ్చినా లేవకపోతే ఐలెరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క భాగం) కొంచెం పక్కకి వంచి ఒక ఫ్లోట్‌ని ముందు విడిపించాలి. నీరు అద్దంలా ఉన్న రోజు ఇది చేయకుండా లేవడం కష్టం.

సాగర్‌కి 74 మైళ్లు. 95 నాట్ల బీవర్‌కి 47 నిమిషాలు, 130 నాట్ల ట్విన్ ఆటర్‌కి 34. బీవర్లు పదమూడు నిమిషాలు ముందు లేస్తే అందరూ ఒకేసారి చేరతారు. ప్రతి మజిలీకీ ఈ లెక్క కాగితం మీద వేసి పంచాం. అమరావతి, పులిచింతల మీదుగా నది వెంటే పోతే దారి తప్పే అవకాశం లేదు. కానీ కింది నుంచి వస్తుంటే ఎదురుగా సాగర్ డ్యాం గోడ నిలబడి ఉంటుంది, వెనక నీళ్లు 590 అడుగుల మీద. 1,500 అడుగుల కన్నా తక్కువలో డ్యాం వైపు రావద్దని చెప్పాం. నాగార్జునకొండ దీవి దగ్గర దిగే చోటు పెట్టుకున్నాం.

అక్కడ నీరు అద్దంలా ఉంది. రాత్రిపూట అసలు వాతావరణం పెట్టుకుంటే గాలి పడిపోయి తరచూ ఇలాగే ఉంటుంది. అద్దం నీళ్లమీద ఎత్తు కంటికి తెలియదు, ఇంకా ఉందనుకుంటూనే తగులుతారు. పద్ధతి: 200 అడుగుల దగ్గరే ముక్కు కొంచెం పైకి పెట్టి, పవర్ ఉంచి, నిమిషానికి 150 అడుగులు దిగుతూ, తగిలేదాకా ఏమీ మార్చకుండా ఉండాలి. 65 నాట్ల వేగంలో ఇలా దిగడానికి ఎనభై సెకన్లు, అంటే మైలున్నర నీరు కావాలి. ఈ లెక్కతోనే ప్రతి మజిలీకీ తిన్నగా మూడు కిలోమీటర్ల నీరు వెతికాం. వీలైతే ఒడ్డుకి దగ్గరగా, సమాంతరంగా దిగాలి. పక్కచూపులో చెట్లుంటే ఎత్తు తెలుస్తుంది.

సాగర్ నుంచి శ్రీశైలం 38 మైళ్లే గానీ నల్లమల లోయలో నది సన్నగా మెలికలు తిరుగుతుంది. లోయలో దిగి పోవాలన్న కోరిక అందరికీ ఉంటుంది, బీవర్లయితే పోవచ్చు. లోయకి కుడి అంచున ఉంటే వెనక్కి తిరగడానికి ఎడమపక్క వెడల్పంతా మిగులుతుంది, మధ్యలో పోతే సగమే. పాతాళగంగ దగ్గర మూడు కిలోమీటర్ల తిన్నని నీరు దొరకదు. డ్యాంకి దూరంగా పైకి పోయి, వెడల్పైన మలుపులో ఒడ్డు పక్కన దిగాం. ఆ రాత్రి ఒక యాంఫిబియన్ తిరగబడింది. గన్నవరంలో లేచిన విమానం చక్రాలు దించుకుని నీళ్లమీద దిగితే చక్రాలు నీటిని పట్టుకుంటాయి, ముక్కు మీద పల్టీ కొడుతుంది. నిజం విమానాల్లోనూ ఇది ప్రాణాలు తీస్తుంది. అప్పటి నుంచి ప్రతి యాంఫిబియన్ దిగే ముందు పక్కవాడు అడగడం నియమమైంది. "అన్నా, చక్రాలు?" "పైకే, నీళ్లమీద దిగుతున్నా." ఆ జవాబు వచ్చేదాకా మిగతా ఛానెల్ మౌనం. మాలే దాకా ఇంకొకటి తిరగబడలేదు.

శనివారానికి శనివారానికి మధ్య విమానాన్ని నీళ్లమీద వదిలేయడం కుదరదు. ఫ్లైట్ సేవ్ చేసి వారం తరవాత తెరిస్తే సగం సార్లు విమానం నీళ్లకింద పుడుతుంది. జనవరి 25న ముగ్గురికి అదే జరిగింది. సేవ్ మీద ఆధారపడకుండా, మజిలీ చివరి చోటికి పైన 1,500 అడుగుల్లో గాల్లో మొదలై దిగడం అందరికీ ఒకే రకంగా పనిచేస్తుంది. ఇంధనం ఎంత మిగిలిందో మాత్రం రాసుకోవాలి, కొత్తగా మొదలుపెట్టినప్పుడు సిమ్ తన లెక్కతో నింపేస్తుంది.

శ్రీశైలం నుంచి సోమశిల 99 మైళ్లు, నల్లమల మీదుగా. 4,500 అడుగుల్లో పోయాం. ఇంజన్ ఆగితే ఫ్లోట్లతో దిగడానికి ఆ అడవిలో నీరేదీ? దారికి దగ్గరగా ఒకే ఒక్కటి ఉంది, కంభం చెరువు. శ్రీశైలం నుంచి దాదాపు 30 మైళ్లు. విజయనగర రాజుల నాటి ఆ చెరువుని విమానం పటంలో ప్రత్యామ్నాయ నీరుగా గుర్తు పెట్టుకున్నప్పుడు మా కంభం కుర్రాడికి కలిగిన సంతోషం చెప్పలేను. అందరం దాని మీద ఒక చుట్టు కొట్టి వెళ్లాం. సోమశిల తరవాత రెడ్‌హిల్స్‌కి 93 మైళ్లు, శ్రీహరికోట వైపు పోకుండా పులికాట్‌కి పడమటగా. రెడ్‌హిల్స్ చెరువు రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం కాటలినా నీటి విమానాలు దిగిన చోటు. గూస్ నడిపేవాళ్లిద్దరూ ఆ దిగుడు కోసమే టూర్‌లో చేరామన్నారు.

ఫిబ్రవరి 1న మెట్టూరు మజిలీ 162 మైళ్లు, చెప్పడానికి ఎక్కువ లేదు. ఏర్కాడు కొండలకి దూరంగా ఉంటే చాలు. బీవర్‌కి ఆటోపైలట్ లేదు కాబట్టి ట్రిమ్ (చేయి వదిలినా విమానం తిన్నగా పోయేలా చేసే సర్దుబాటు) సరిగా పెట్టుకోవడం అక్కడ అందరికీ వంటబట్టింది.

ఫిబ్రవరి 8న మెట్టూరు నుంచి కొచ్చి. రెండు చోట్లనీ కలిపి తిన్నగా గీత గీస్తే అది నెల్లియంపతి కొండల మీదుగా పోతుంది, 5,000 అడుగులు దాటే శిఖరాలవి. అందుకే పాలక్కాడ్ మీద ఒక బిందువు పెట్టి దారిని వంచాం, పెరిగింది కొద్ది మైళ్లే. ఉత్తరాన నీలగిరులు, దక్షిణాన ఆనమలై, మధ్యలో పడమటి కనుమలకి ఉన్న ఆ ఖాళీ 30 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు. చలికాలంలో తూర్పు గాలి అందులోంచి దూసుకుపోతుంది. కోయంబత్తూరు దాటగానే వెనక నుంచి 20 నాట్లకి పైగా గాలి, జాయ్‌స్టిక్ చేతిలో నిలవలేదు. 4,500 కన్నా 3,000 అడుగుల్లో కుదుపు ఎక్కువ. సెస్నా వాళ్లు వేగం తగ్గించుకుని పోయారు. కొచ్చిలో బోల్గట్టి దగ్గర నీళ్లలో దిగేటప్పుడు చూసుకోవలసినవి వంతెనలు, కంటైనర్ టెర్మినల్ క్రేన్లు. అక్కడ గాలికి ఎదురుగా నిలిచిపోవడం కూడా నేర్చుకున్నాం. ఫ్లోట్ విమానానికి బ్రేకులుండవు, ఆగితే ముక్కు గాలి వైపు తిప్పుకుంటుంది, ఇంజన్ ఆపితే తోకవైపుకి కొట్టుకుపోతుంది. జెట్టీకి గాలి కింది వైపు నుంచి వస్తూ, ముందే ఇంజన్ ఆపి, మిగిలిన ఊపుతో చేరాలి.

ఫిబ్రవరి 15 కోసం అందరూ భయంగా, ఆశగా ఎదురుచూశారు. కొచ్చి నుంచి మినికాయ్ 216 మైళ్లు, మధ్యలో ఏమీ లేదు. మినికాయ్‌లో విమానాశ్రయం లేదు, పట్టుకోవడానికి రేడియో సంకేతం లేదు. జీపీఎస్ వాడొద్దని ఎవరినీ బలవంతపెట్టలేదు, కానీ సగం మంది గడియారం, దిక్సూచితోనే పోతామన్నారు. దిశ దాదాపు 242 డిగ్రీలు. ఒక్క డిగ్రీ తప్పు అంత దూరంలో మూడున్నర మైళ్లకి పైగా అవుతుంది. అయిదు డిగ్రీలు తప్పితే 19 మైళ్లు, అంటే పల్లపు దీవి పొగమంచులో కనపడకుండా దాటిపోవచ్చు. అందుకే వాళ్లు దీవికి గురిపెట్టలేదు. కావాలని, దీవికి ముందే 8 డిగ్రీల 17 నిమిషాల అక్షాంశం మీదికి దిగేలా కాస్త తూర్పున గురిపెట్టి, ఆ అక్షాంశం తగలగానే నేరుగా పడమటికి తిరిగారు. దీవి ఎదురుగా రాక తప్పదు. అక్షాంశం ఎలా తెలిసిందంటే, సిమ్ అడుగున చూపే నిర్దేశాంకాల్లో అక్షాంశం ఒక్కటి ఉంచి రేఖాంశం మీద కాగితం అంటించుకున్నారు. పాత కాలం నావికుల కొలతకి అదే దగ్గరిది.

తిరిగి రాలేని బిందువు లెక్క అందరితో వేయించాం. వెనకగాలి 10 నాట్లు, పోయేటప్పుడు 110, వెనక్కి 90. అరగంట నిల్వ తీసేస్తే చేతిలో ఉన్నది 3.6 గంటలు. 3.6ని 110తో, 90తో గుణించి 200తో భాగిస్తే 178 మైళ్లు. గంటా ముప్పై ఏడు నిమిషాల దగ్గర నిర్ణయించుకోవాలి, ఆ తరవాత కొచ్చి లేదు. ఆ క్షణం వచ్చినప్పుడు వాయిస్‌లో ఒక్కొక్కరు "పోతున్నా" అని చెప్పాలి. కుర్చీలో కూర్చుని, పక్క గదిలో ఇంట్లోవాళ్లు నిద్రపోతుంటే, ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారడం అందరిలో వినపడింది. ట్యాంకు మార్చడంలో ఆలస్యమై ఒక బీవర్ ఇంజన్ 2,000 అడుగుల్లో దగ్గింది. సెలెక్టర్ తిప్పి, వాబుల్ పంపు (చేత్తో నడిపే ఇంధన పంపు) కొట్టాక మళ్లీ అందుకుంది. ముందు ట్యాంకు, మధ్య ట్యాంకు, వెనక ట్యాంకు అని ఒక్కోదానికి గడియారం పెట్టుకోవాలి, ముల్లు సున్నాకి వచ్చేదాకా ఆగకూడదు.

మినికాయ్ ముందు రంగుగా కనపడుతుంది. నేల కాదు, లేత ఆకుపచ్చ మడుగు. దీవి తూర్పున విల్లులా వంగి ఉంటుంది, మడుగు పడమట. ఈశాన్య గాలికి దీవి అడ్డు కాబట్టి లోపల నీరు మెత్తగా ఉంటుంది, ఉత్తరం వైపు ముక్కు పెట్టి దిగాం. దక్షిణ కొసన 1885 నాటి దీపస్తంభం అన్ని సిమ్‌లలో ఉండదు, దాన్ని గుర్తుగా పెట్టుకోవద్దు. జీపీఎస్ లేకుండా వచ్చినవాళ్లలో అందరూ చేరారు. చివరి ఆయన పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, ఆ పద్నాలుగు నిమిషాలు మిగతావాళ్లెవరూ సిమ్ మూయలేదు.

ఫిబ్రవరి 22న ఎనిమిది డిగ్రీల ఛానెల్ దాటి హనిమాధూ, అక్కడి నుంచి మాలే. మాల్దీవుల గడియారం మనకన్నా అరగంట వెనక, ఉదయం ఏడున్నర అని పెట్టేటప్పుడు చూసుకోవాలి. హనిమాధూ నుంచి దక్షిణానికి దీవుల వరస తెగదు, ఎక్కడ కావాలంటే అక్కడ మడుగు ఉంది. సముద్రం మజిలీ తరవాత చేతులు తేలికపడ్డాయి, పాటలు కూడా వినపడ్డాయి. మాలేలో సీప్లేన్ల నీరు హుల్‌హులే దీవికి తూర్పు పక్కన ఉంటుంది, పెద్ద రన్‌వేకి సమాంతరంగా. అక్కడ మిగతా ప్రపంచంలోని సిమ్ ఆటగాళ్లు కూడా తిరుగుతుంటారు, కాబట్టి కేటాయించిన చోట్లు పనిచేయవు. ఒక్కొక్కరిని పిలిచి, ముందువాడు ఇంజన్ ఆపాకే తరవాతివాడిని దింపాం. అందరూ ఆగడానికి నలభై నిమిషాలు పట్టింది.

దారి ఫైళ్లు, నీటి ఎత్తుల పట్టిక, బీవర్ లెక్కలు దాచి ఉంచాం, ఎవరైనా ఇదే దారిలో పోవచ్చు. కానీ సంక్రాంతికీ శివరాత్రికీ మధ్యే పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి పాలక్కాడ్‌లో ఎదురు తన్నుతుంది, సముద్రం మీదా ఎదురే. 25 నాట్ల ఎదురుగాలిలో మినికాయ్‌కి బీవర్ దాదాపు మూడు గంటలు పోవాలి, 66 గాలన్లు అక్కడే అయిపోతాయి. మిగిలిన 29తో, దీవి తప్పితే దక్షిణంగా మాల్దీవుల దాకా పోయే వెసులుబాటు దాదాపు ఉండదు. ఆ నెలల్లోనే ఎగరాలనుకుంటే కొచ్చి దగ్గర ఆపి, బీవర్ల వాళ్లని ట్విన్ ఆటర్లలో రెండో సీటుకి ఎక్కించండి.